ఫొటోల ఫోల్డర్లు వేరే డ్రైవ్‌కు మార్చే పనిలో ఇకపై మా పద్ధతి

సి డ్రైవ్ నిండిపోయిందని మా దగ్గరకు కంప్యూటర్ తెచ్చేవారికి ఒక మార్పు చెప్పాలి. పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్ ఫోల్డర్లను మరో డ్రైవ్‌కు మార్చే పనిని ఇకపై మీరు కూర్చుని ఉండగానే ముగించి ఇవ్వం. మొదట ఆ ఫైళ్లన్నిటికీ వేరే డిస్కులో నకలు తీస్తాం, ఆ తర్వాతే ఫోల్డర్లను జరుపుతాం. నకలు వద్దు, తొందరగా కావాలి అంటే ఆ పని ఒప్పుకోం. కొందరికి ఇది చాదస్తంగా తోచవచ్చు, కొందరు వేరేచోటికి వెళ్లవచ్చు కూడా. అయినా ఈ పట్టు వదలం.

కారణం ఉంది. ఒకే డ్రైవ్ లోపల ఫైలును జరిపితే దాని చిరునామా మాత్రమే మారుతుంది, అందుకే క్షణంలో అయిపోతుంది. డ్రైవ్ మారితే అలా కాదు. ఫైలు మొత్తాన్నీ కొత్తచోట రాసి, పాతచోట చెరిపేయాలి. మధ్యలో కరెంటు పోయినా, డిస్కులో చెడిన భాగం తగిలినా కొన్ని ఫైళ్లు అక్కడ, కొన్ని ఇక్కడ మిగిలిపోతాయి. పాడైన ప్రోగ్రామును మళ్లీ ఎక్కించవచ్చు. మీ పాప తొలి అడుగులు వేసిన వీడియోను మాత్రం ఎవరూ మళ్లీ తీయలేరు.

నిజానికి విండోస్‌లో ఈ పని మీరే చేసుకోవచ్చు. ముందు డి డ్రైవ్‌లో పిక్చర్స్ అనే ఖాళీ ఫోల్డర్ ఒకటి సృష్టించండి. తర్వాత పాత పిక్చర్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ తెరిచి, మూవ్ నొక్కి ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించండి. అప్లై నొక్కాక పాత ఫైళ్లను కూడా జరపాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి. ఖాళీ ఫోల్డర్ తప్పనిసరి అని ఎందుకంటున్నామంటే, నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం పిక్చర్స్ ఫోల్డర్‌గా మారిపోతుంది, దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. రెండు ఫోల్డర్లకు ఒకే చోటు చూపించినా అంతే, కలిసిపోయినవాటిని విడదీయడం కష్టం. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆపాలి. ప్రోగ్రాములు తమ సెట్టింగ్స్ దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌ను మాత్రం కదపవద్దు.

సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో కొత్త ఫైళ్లు ఎక్కడ చేరాలో ఎంచుకునే వీలుంది. అది ఇకముందు వచ్చేవాటికే వర్తిస్తుంది, ఇప్పటికే ఉన్నవి ఉన్నచోటే ఉంటాయి. మార్చినా చోటు మిగల్లేదని చాలామంది అడిగేది దీని గురించే.

మరొక సంగతి. కొన్ని కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్కులోని భాగాలు. ఫోల్డర్ మారిస్తే సి డ్రైవ్‌కు ఊపిరాడుతుంది గానీ, డిస్కు పోయినరోజు రెండూ కలిసే పోతాయి. మీ కంప్యూటర్‌లో ఏది ఎలా ఉందో, డిస్కుల భాగాలను చూపించే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూసి, పని మొదలుపెట్టకముందే చెబుతాం. యూఎస్‌బీతో తగిలించే డిస్కుకు ఈ ఫోల్డర్లను శాశ్వతంగా మార్చమని అడిగితే మాత్రం వద్దనే అంటాం. అది ఊడదీసిన మరుక్షణం ఆ ఫోల్డర్ తెరుచుకోదు. అలాంటి డిస్కు నకలు దాచుకోవడానికే బాగుంటుంది.

పని అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు నకలులోనూ కొత్తచోటా ఒకటేనా అని సరిపోల్చి చూస్తాం. మీ ఫొటోలు మేం తెరవం, కొన్ని తెరిచి చూసుకోవలసింది మీరే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ముందే చెప్పండి, ఎందుకంటే అవి పాత చిరునామాలోనే ఫైళ్లను వెతుకుతాయి, కొత్తచోటు వాటికి చూపించాలి. మీరు అన్నీ సరిగా ఉన్నాయని చెప్పేదాకా నకలు చెరపం. వచ్చేటప్పుడు మీ సొంత డిస్కు ఒకటి తెస్తే నకలు దానిలోనే తీసి, మీతోనే ఇంటికి పంపుతాం.