టైమ్‌కోడ్ నిలకడగానే ఉంది, శబ్దమే జారిపోతోంది: మీ ఫీల్డ్ రికార్డర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం వారికి,

విషయం: రికార్డర్ శాంపిల్ క్లాక్ (శబ్దాన్ని సెకనుకు వేల శాంపిళ్లుగా, అంటే నమూనాలుగా, కొలిచే గడియారం) డ్రిఫ్ట్ (వేగం తేడా వల్ల జారడం), ఫైలు తెగే చోట శబ్దం పోవడం, తప్పు టైమ్ స్టాంపులు

అయ్యా / అమ్మా,

మీ నాలుగు ట్రాకుల ఫీల్డ్ రికార్డర్లు రెండింటిని డాక్యుమెంటరీ చిత్రీకరణకు వాడుతున్నాం. రెండింటిలోనూ శబ్దం బొమ్మతో కలిసి నడవడం లేదు. ఇదివరకు రాసినప్పుడు మీ సపోర్టు వారు "ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌ఫామ్‌తో ఆటో సింక్ చేసుకోండి" అని, అంటే రెండు శబ్దాల ఆకారాలు పోల్చి కలుపుకోమని, జవాబిచ్చారు. దాంతో ఈ సమస్య ఎందుకు తీరదో కొలతలతో రాస్తున్నాం. దయచేసి ఈ ఉత్తరాన్ని ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) చూసే ఇంజనీర్లకు చేర్చండి.

పరీక్ష ఇలా చేశాం. 0.2 పీపీఎం (పది లక్షల్లో 0.2 వంతు) కచ్చితత్వం ఉన్న బయటి టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము చెప్పే అంకెలు) జనరేటర్‌తో రికార్డర్‌నూ రెండు కెమెరాలనూ జామ్ చేశాం, అంటే అన్నిటి టైమ్‌కోడ్‌నూ ఒకే సమయానికి కలిపాం. అదే జనరేటర్ నుంచి వచ్చే ఎల్‌టీసీని (శబ్ద సంకేతంగా వచ్చే టైమ్‌కోడ్‌ను), లెవెల్ తగ్గించి, రికార్డర్ నాలుగో ట్రాకులోకి కూడా ఎక్కించాం. సెట్టింగులు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, సెకనుకు 25 ఫ్రేములు. ఈ లెక్కన ఫ్రేముకు 1,920 శాంపిళ్లు రావాలి. గంటకు 90,000 ఫ్రేములు, అంటే 17,28,00,000 శాంపిళ్లు. మొదటి రికార్డర్ ఫైలులో ఎల్‌టీసీ సరిగ్గా గంట తిరిగే చోటు వరకు లెక్కిస్తే 17,28,03,283 వచ్చాయి. 3,283 ఎక్కువ. అంటే 19 పీపీఎం వేగం. గంటకు 68 మిల్లీసెకన్లు, ఒకటిన్నర ఫ్రేముకు పైనే. మూడు రోజులు వరుసగా చేసినా అంకె మారలేదు. రెండో రికార్డర్ ఇందుకు ఎదురుగా 11 పీపీఎం నెమ్మది. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరి కాలర్ మైకు ఒక దానికి, మరొకరిది రెండో దానికి పెడితే గంట తిరిగేసరికి రెండు రికార్డింగుల మధ్య 108 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. ఒకరి మాట పక్కవారి మైకులోనూ పడుతుంది కదా, రెండు ట్రాకులూ తెరిస్తే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన విషయం ఇది. రికార్డర్ తెర మీద కనిపించే టైమ్‌కోడ్ రోజంతా జనరేటర్‌తో ఫ్రేముకు ఫ్రేము సరిపోతోంది. అంటే టైమ్‌కోడ్‌కు మీరు మంచి క్రిస్టల్ (గడియారాన్ని నడిపే స్ఫటికం) పెట్టారు, శబ్దాన్ని శాంపిల్ చేసే క్లాక్‌ను మాత్రం దానికి కట్టలేదు. ఒకే పెట్టెలో రెండు గడియారాలు నడుస్తున్నాయి. టైమ్‌కోడ్ స్టాంపు ఫైలు ఎక్కడ మొదలవ్వాలో మాత్రమే చెబుతుంది. అది ఎక్కడ ముగుస్తుందన్నది శాంపిల్ క్లాక్ చేతిలో ఉంటుంది. మీ ప్రకటనలో "రోజుకు ఒక ఫ్రేము కూడా తప్పదు" అన్న మాట మొదటి గడియారం గురించే. కొనేవారికి అది తెలిసే దారి లేదు.

కథాచిత్రాల్లో ఈ లోపం బయటపడదు. అక్కడ షాటు షాటుకూ క్లాప్ పడుతుంది, షాటు నిడివీ తక్కువే. డాక్యుమెంటరీలో ఒక్క ఇంటర్వ్యూ గంటన్నర ఆపకుండా సాగవచ్చు. మనిషి గుండె విప్పి మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఆపి క్లాప్ కొట్టలేం, మళ్లీ చెప్పమని అడగనూ లేం. ఈబీయూ (యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్) ఆర్37 సిఫారసు ప్రకారం శబ్దం బొమ్మకన్నా 40 మిల్లీసెకన్లకు మించి ముందు, 60కి మించి వెనక ఉండకూడదు. మీ మొదటి రికార్డర్ 53వ నిమిషంలోనే ఆ హద్దు దాటుతోంది.

ఇది చాలదన్నట్టు ఫైలు తెగే చోట ఇంకో తప్పు ఉంది. నాలుగు ట్రాకులకు సెకనుకు 5,76,000 బైట్లు కాబట్టి, 2 జీబీ దగ్గర, అంటే 62 నిమిషాల 8 సెకన్లకు కొత్త ఫైలు మొదలవుతోంది. ఆ సందులో ప్రతిసారీ సరిగ్గా 4,096 శాంపిళ్లు, 85 మిల్లీసెకన్ల శబ్దం, పోతోంది. ఎప్పుడూ అదే అంకె కావడం చూస్తే ఒక బఫరు నిండా డేటా కార్డుకు రాయకుండా వదిలేస్తున్నట్టుంది. రెండు లోపాలూ ఎదురెదురుగా లాగుతాయి: డ్రిఫ్ట్ వల్ల అప్పటికి 71 మిల్లీసెకన్లు వెనకబడిన శబ్దం, రెండో ఫైలును పక్కనే అతికించగానే 14 మిల్లీసెకన్లు ముందుకు దూకుతుంది. ఎడిటర్ మొదటా చివరా క్లాపులు చూసి మొత్తానికి ఒకే వేగం సర్దితే మధ్యలో ఎక్కడా పెదవులు కలవవు.

పోనీ రెండో ఫైలును టైమ్ స్టాంపుతో పెడదామా అంటే అదీ తప్పే. 11:02:08:07 దగ్గర మొదలైన ఫైలు హెడర్‌లో (ఫైలు మొదట్లో దాని వివరాలుండే భాగంలో) శాంపిళ్ల సంఖ్య 1,90,69,44,000 అని ఉంది. అది సరిగ్గా 11:02:08:00. ఏడు ఫ్రేములు మాయం. తెగిన ప్రతి ఫైలులోనూ ఈ సంఖ్య 48,000తో నిశ్శేషంగా భాగించబడుతోంది, అంటే మీ ఫర్మ్‌వేర్ సెకన్ల దగ్గరే ఆగిపోతోంది. బ్రాడ్‌కాస్ట్ వేవ్ (రికార్డర్ రాసే శబ్ద ఫైలు రకం) హెడర్‌లో ఆ గడి పెట్టిందే అర్ధరాత్రి నుంచి శాంపిళ్ల లెక్క చెప్పడానికి.

ఇక ఆటో సింక్ సంగతి. అది కెమెరా మైకు శబ్దంతో పోల్చి ఒక చోట అతికిస్తుంది, సాగిన ఫైలును కుదించదు. కెమెరా పది మీటర్ల దూరంలో ఉంటే దాని మైకుకు శబ్దం 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, ఆ తప్పూ సింకులో కలుస్తుంది. గాలి, వాహనాల రొద ఉన్న చోట అసలు పోలికే దొరకదు. వేగం మార్చుకుందామంటే కావలసింది 100.0019 శాతం, రెండు దశాంశాలే తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో అది 100.00 అయిపోతుంది. ప్రస్తుతానికి మేం మొదటి రికార్డర్ ఫైలు హెడర్‌లో శాంపిల్ రేటును 48,001గా దిద్ది, తిరిగి 48,000కు రీశాంపిల్ చేస్తున్నాం. అప్పుడు కూడా గంటకు 6 నుంచి 7 మిల్లీసెకన్ల తేడా మిగులుతుంది. రికార్డింగును 60 నిమిషాల లోపే ఆపి మళ్లీ మొదలుపెడుతున్నాం. ఇవి తాత్కాలిక సర్దుబాట్లు మాత్రమే.

మేం అడిగేవి ఇవి. ఫైలు తెగినా ఒక్క శాంపిల్ కూడా పోకుండా, స్టాంపు శాంపిల్ స్థాయిలో రాసేలా ఫర్మ్‌వేర్ దిద్దండి. ఆర్ఎఫ్64 (పెద్ద ఫైళ్లకు వీలిచ్చే వేవ్ ఫైలు రకం) ఇస్తే 4 జీబీ దాటినా తెగాల్సిన పని ఉండదు. శాంపిల్ క్లాక్‌ను టైమ్‌కోడ్ క్రిస్టల్‌కు కట్టండి. ఈ మోడల్ హార్డ్‌వేర్‌లో అది కుదరకపోతే ఆ మాట రాతపూర్వకంగా ఒప్పుకుని, రెండు యూనిట్లనూ వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించండి. శాంపిల్ క్లాక్ కచ్చితత్వం ఎన్ని పీపీఎమ్మో స్పెసిఫికేషన్ పేజీలో టైమ్‌కోడ్ అంకె పక్కనే ప్రచురించండి.

రెండు యూనిట్ల సీరియల్ నంబర్లు, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఎల్‌టీసీ ట్రాకుతో సహా మూడు రోజుల అసలు ఫైళ్లు జతపరిచాం. మీ ప్రయోగశాలలో ఇదే పరీక్ష చేసి, వచ్చిన శాంపిళ్ల సంఖ్యను 15 రోజుల్లోగా మాకు తెలియజేయండి.

ఇట్లు,
డాక్యుమెంటరీ బృందం, సౌండ్ మరియు ఎడిటింగ్ విభాగాలు