మంచుకొండకు బయలుదేరే ముందు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఈ శీతాకాలంలో మీరు ముగ్గురూ కలిసి కొండ ఎక్కబోతున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే, వేసవిలో ఎక్కిన దారే కదా, ఇంకొంచెం మందమైన స్వెట్టరు వేసుకుంటే సరిపోతుందని నువ్వు రాసిన వాక్యం దగ్గర నా మనసు ఆగిపోయింది. దానికి సమాధానంగానే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదువు.

చలి శరీరాన్ని బాధపెడుతుందని అందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది అంతకన్నా ముఖ్యమైనది. చలి మొదట మన వేళ్ల పట్టునూ, ఆ తరువాత మన ఆలోచననూ మందగింపజేస్తుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత మామూలుగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది 35 డిగ్రీల కన్నా తగ్గిన స్థితినే వైద్యులు హైపోథెర్మియా అంటారు. వణుకు మొదలవుతుంది, మాట ముద్దగా వస్తుంది, జిప్పు లాగడం కూడా కష్టమవుతుంది, అడుగులు తడబడతాయి, అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి ఉన్నట్టుండి విసుక్కోవడమో, ఏమీ మాట్లాడకపోవడమో జరుగుతుంది. దాదాపు 32 డిగ్రీలకు దిగువన వణుకు తగ్గిపోయి ఆగిపోవచ్చు. చూసేవాళ్లు అతను తేరుకున్నాడని అనుకుంటారు కానీ, ప్రమాదం ముదిరిందనడానికి అది గుర్తు. ఆ స్థితిలో కొందరు ఒళ్లు మండుతున్నట్టు భ్రమపడి బట్టలు విప్పేసుకుంటారు కూడా. వీటిలో ఏదీ బాధితుడు తనంతట తాను గుర్తించలేడు, ఎందుకంటే గుర్తించవలసిన మెదడే మందగించి ఉంటుంది. అందువల్ల కొండ మీద చేయవలసిన ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఇంట్లో, వెచ్చగా కూర్చుని ఉన్నప్పుడే చేసి, కాగితం మీద రాసుకుని వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

ఆ నిర్ణయాలలో మొదటిది వెనక్కి తిరిగే సమయం. స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: నడిచే ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ మరొక గంట వేసుకోవాలి. ఆ ప్రకారం 10 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎత్తు ఉన్న దారికి మూడున్నర గంటలు పడుతుంది. ఇది మంచి నేల మీద, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. మోకాలి లోతు మంచులో అదే దారికి రెట్టింపు సమయం పట్టినా ఆశ్చర్యపోవద్దు. పైగా శీతాకాలంలో పగటి పొద్దు చిన్నది. కాబట్టి సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందు కిందికి చేరేలా వెనక నుంచి లెక్క కట్టి, ఒంటిగంట అయితే ఒంటిగంట అని రాసుకోండి. ఆ సమయానికి శిఖరం కళ్ల ముందే కనబడుతున్నా సరే తిరిగి దిగాలి. అక్కడ నిలబడి చర్చ మొదలుపెడితే మీ ముగ్గురిలో ఎవరికి ఉత్సాహం ఎక్కువో వారి మాటే నెగ్గుతుంది. ఎవరైనా ఒక్కరు తిరిగి వెళదామన్నా, కారణం అడగకుండా అందరూ తిరగాలన్న నియమం కూడా ముందే పెట్టుకోండి.

ఇక బట్టల సంగతి. మందపాటి స్వెట్టరు ఒక్కటి వేసుకోవడం కన్నా పలుచని పొరలు మూడు వేసుకోవడం ఎందుకు మేలంటే, ఎక్కేటప్పుడు శరీరం వేడెక్కుతుంది, ఆగగానే చల్లబడుతుంది, ఆ మార్పును బట్టి పొరలు తీయడానికీ వేయడానికీ వీలుండాలి. ఒంటిని అంటిపెట్టుకునే పొర మెరినో ఉన్నిదో, పాలిస్టర్‌దో అయి ఉండాలి. నూలు బనియన్ మాత్రం వద్దు. అది చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, నీరేమో గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మధ్య పొరగా ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే కృత్రిమ నూలు బట్ట), పైన గాలినీ తడినీ ఆపే జాకెట్ సరిపోతాయి. ఇవి కాక, ఆగినప్పుడు అన్నిటి మీదా తొడుక్కోవడానికి ఒక డౌన్ జాకెట్‌ను, అంటే పక్షుల మెత్తని ఈకలు నింపిన జాకెట్‌ను, సంచిలో పైనే పెట్టుకో. డౌన్ తడిస్తే వేడిని నిలపలేదు, కనుక దానిని నీరు చొరని సంచిలో ఉంచు. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలి వేస్తుండాలి. మొదటి పది నిమిషాల్లోనే చెమట పడితే వెంటనే ఆగి ఒక పొర తీసేయి. చెమట పట్టకుండా నడవడం శీతాకాలపు నడకలో అన్నిటికన్నా విలువైన నేర్పని నేను నమ్ముతాను.

గాలిని తక్కువగా అంచనా వేయకు. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకూ సగటున 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. దానికి గాలి తోడైతే, మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీచే గాలిలో బయట ఉన్న చర్మానికి తగిలే చలి మైనస్ 20 డిగ్రీలతో సమానమవుతుంది. కొండ కింద ఉన్న ఊరి వాతావరణ సూచన చూసి బయలుదేరవద్దు. శిఖరం ఎత్తుకు సంబంధించిన సూచన, అందులోనూ గాలి వేగం, ముందు రోజు రాత్రీ, ఆ రోజు ఉదయమూ చూడండి. చేతి తొడుగులు రెండు జతలు తీసుకెళ్లడం తప్పనిసరి. ఒక తొడుగు గాలికి ఎగిరిపోతే, కొద్దిసేపట్లో ఆ చేతితో ఏ పనీ చేయలేని పరిస్థితి వస్తుంది.

వేళ్లు, ముక్కు, చెవులు తెల్లగా, మైనంలా మారి స్పర్శ తెలియకపోతే అది ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టడం, కావచ్చు. దానిని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట కరిగించడం మరింత నష్టం చేస్తుంది గనుక, పొడిగా కప్పి, కిందికి దిగి వైద్యుడికి చూపించాలి. ఒంట్లో వేడి పుట్టించుకోవడానికని మద్యం తాగడం కూడా ప్రమాదమే. అది చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటకు పంపేస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే విషయానికి వస్తాను. మీ దారిలో వాలు ఉన్నచోట మంచు చరియలు విరిగిపడే అవకాశం ఉందో లేదో తెలుసుకున్నారా? ఎక్కువగా చరియలు కదిలేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. అది చూడగానే భయం పుట్టించేంత నిటారైన గోడ కాదు, ఎక్కడానికి అనువుగా కనిపించే వాలే. మనుషులు చిక్కుకున్న ప్రమాదాలలో అత్యధికం, చిక్కుకున్నవారి బరువు వల్లనో, వారి గుంపులోని మరొకరి బరువు వల్లనో మొదలవుతాయి. కొత్తగా మంచు బాగా కురిసిన మరుసటి రోజు, గాలి మంచును ఎగరేసి ఒక పక్క పేర్చినప్పుడు, ఉన్నట్టుండి ఎండ కాసినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. అడుగు వేయగానే కింద గుప్పుమని శబ్దం వచ్చినా, మంచులో పగుళ్లు పరుగెత్తినా, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. యూరప్‌లో ఈ ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు స్థాయిలుగా ప్రకటిస్తారు. 3 అంటే మధ్యలో ఉన్నదే కదా అని చాలామంది ధైర్యపడతారు, కానీ ఎన్నో మరణాలు జరిగేది ఆ స్థాయిలోనే. మంచు కింద పూడుకుపోయినవారిని మొదటి పావుగంటలోపు తీస్తే చాలామంది బతుకుతారు. ఆ తరువాత అవకాశం వేగంగా పడిపోతుంది. బయటి నుంచి సహాయం అంత త్వరగా రాదు కాబట్టి తోటివారే తవ్వి తీయాలి. అలాంటి వాలు దాటక తప్పదంటే ముగ్గురి దగ్గరా 457 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌సీవర్ (పూడుకుపోయినవారిని వెతకడానికి రేడియో సంకేతాలు పంపే, అందుకునే చిన్న పరికరం), మంచులో గుచ్చి చూసే కడ్డీ, పార ఉండాలి, వాటిని వాడటం సాధన చేసి ఉండాలి. అవి లేకపోతే వాలు తక్కువగా ఉన్న వేరే దారి ఎంచుకోండి. నువ్వు వెళ్లే దారి మారినా నాకు సంతోషమే.

గట్టిపడిన మంచు మీద మామూలు బూట్లు నిలవవు. చదునైన దారికి బూట్లకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు, అంటే మైక్రోస్పైక్స్ చాలు, నిటారైన చోట పొడవాటి ముళ్లున్న క్రాంపాన్లూ, మంచులో గుచ్చి పట్టు దొరికించుకునే గొడ్డలి లాంటి ఐస్ యాక్సూ కావాలి. ఐస్ యాక్స్ పట్టుకుని జారుడును ఆపుకోవడం ఎవరైనా తెలిసినవారి దగ్గర నేర్చుకోకుండా, దానిని అలంకారంగా మోసుకెళ్లడంలో అర్థం లేదు.

చిన్న విషయాలు కొన్ని. నీళ్ల సీసాలో వేడినీళ్లు పోసుకుని తలకిందులుగా పెట్టుకో, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కనుక మూత దగ్గర నీళ్లు కదులుతూ ఉంటాయి. దాహం వేయకపోయినా తాగుతూ ఉండు. గడ్డకట్టి పళ్లకు లొంగని తిండి తీసుకెళ్లకు. ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ముగ్గురూ తలా ఒక హెడ్‌ల్యాంప్ తెచ్చుకోండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, కాబట్టి నల్ల కళ్లద్దాలు మరచిపోవద్దు. గుడారంలో తలుపు మూసి స్టవ్ వెలిగించవద్దు, దాని నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సహాయం కావలసివస్తే నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయాలి.

చివరిగా, బయలుదేరే ముందు రాత్రి నాకు నాలుగు సంగతులు రాసి పంపు: ఏ దారిలో వెళుతున్నారు, ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు, ఎన్ని గంటలకు కిందికి చేరతారు, ఆ ప్రాంతపు రక్షణ బృందం ఫోన్ నంబరు ఏమిటి. చేరతామన్న సమయానికి రెండు గంటలు దాటినా నీ నుంచి కబురు రాకపోతే నేను ఆ నంబరుకు ఫోన్ చేస్తాను. మీరు ఆలస్యంగా, క్షేమంగా దిగివచ్చి, అనవసరంగా కంగారు పెట్టావని నన్ను కోప్పడినా పడతాను. దారి మార్చుకుంటే ఆ సంగతి కూడా బయలుదేరే ముందే తెలియజేయి.

నీ కబురు కోసం ఎదురుచూస్తూ,
నీ మిత్రుడు