మే నెల నుంచి వెనక్కి లెక్క వేసుకో, బిడ్డా

బంగారు బిడ్డా,

నువ్వు పంపిన ఇంటి, తోట ప్లాన్ చూశాం. ఫోన్లో సరిగ్గా కనబడటం లేదని మీ బాపు కుండల్వాడి ఊరికి పోయి పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించుకొచ్చాడు, ఇప్పుడది ముందరి అర్రలో గోడకు అంటించి ఉంది, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. ఆ ముప్పై గుంటల చేను సాత్‌బారాలో, అంటే భూమి పహాణీలో, నీ పేరు ఎక్కిన రోజు కూడా ఆయన ఇంత సంబరపడలేదు. నువ్వూ అల్లుడూ పుణె వదిలేసి ఇక్కడి నుంచే ఉద్యోగం చేసుకుంటూ, మన కరెంటు మనం తయారు చేసుకొని, మన కూర మనం పండించుకొని, మన నీళ్ళు మనం దాచుకొని బతుకుదామని అనుకోవడం నాకూ చాలా ఇష్టంగా ఉంది. ఫోన్లో అయితే నేను ఒకటి చెప్పేలోపు నువ్వు ఇంకోటి అడుగుతావు, అందుకే కూర్చొని రాస్తున్నా. తీరిగ్గా చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

ప్లాన్‌లో అన్నీ ఉన్నాయి, నీళ్ళ లెక్క ఒక్కటే లేదు. బోరు బొమ్మ ఉంది, ట్యాంకు బొమ్మ ఉంది, ఆ బోరులో మే నెలలో ఎన్ని నీళ్ళుంటాయో ఎక్కడా రాసి లేదు. మన నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో ఇల్లు కట్టాలన్నా తోట వేయాలన్నా మే నెల నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి, అది కూడా మంచి ఏడాది మే కాదు, చెడ్డ ఏడాది మే.

1972 కరువు గురించి నాయనమ్మ చెప్పేది నీకు గుర్తుందో లేదో, సర్కారు పెట్టిన కరువు పనిలో రాళ్ళు కొట్టి, ఎక్కడో అమెరికా నుంచి వచ్చిన ఎర్ర మిలో జొన్నలతో రొట్టెలు చేసుకొని తిన్నారట. అది నేను చూడలేదు, 1988లో కదా నేను బోధన్ పక్క నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. కానీ 2015 నేను చూశాను. వాన సగం కూడా పడలేదు, మన మోటబావి జనవరికే అడుగంటింది, రెండు బోర్లు వేయించాం, ఒకటి మూడొందల అడుగులు, ఇంకోటి నాలుగొందల యాభై, రెండింటిలోనూ రాతి దుమ్మే లేచింది, ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. ఆ తర్వాతి ఏప్రిల్‌లోనే, 2016లో, మిరజ్ నుంచి లాతూర్‌కు రైల్లో నీళ్ళు తెచ్చారు, మొదటి రైలుకు పది డబ్బాలు, సుమారు అయిదు లక్షల లీటర్లు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. ఎండాకాలం సెలవులకు రావద్దు, అక్కడే ఉండి ఏదైనా క్లాస్‌లో చేరు అని చెప్పాను కదా, నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చదువు కోసం కాదు బిడ్డా అలా చెప్పింది. ఇంట్లో ఒక మనిషి పెరిగితే రోజుకు రెండు బిందెలు పెరుగుతాయని. కన్నబిడ్డను ఇంటికి రావద్దని చెప్పాల్సి వచ్చిన ఆ ఎండాకాలం నేను మర్చిపోలేను, అందుకే నీ ఇంటి విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన జిల్లాలో మామూలు ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వందల మిల్లీమీటర్ల వాన, అదీ ఏడాదంతా కాదు, జూన్ నుంచి సెప్టెంబర్ లోపల నలభై యాభై రోజుల్లోనే పడిపోతుంది. నువ్వు మాత్రం 400 మిల్లీమీటర్లే పడతాయని పట్టుకో. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. నీ ఇంటి కప్పు వెయ్యి చదరపు అడుగులు, అంటే దగ్గర దగ్గర 93 చదరపు మీటర్లు, ఇంకిందీ ఆవిరైందీ మొదటి వానకు కడిగి వదిలేసిందీ అయిదో వంతు తీసేస్తే చెడ్డ ఏడాది కూడా సుమారు 30,000 లీటర్లు వస్తాయి. తాగడానికీ వండుకోవడానికీ మనిషికి రోజుకు పది లీటర్లు వేసుకుంటే నలుగురికి నలభై, అక్టోబర్ నుంచి మళ్ళీ జూన్ మధ్య దాకా 260 రోజులు, మొత్తం 10,400 లీటర్లు. కాబట్టి 15,000 లీటర్ల సంపు ఒకటి, మూత గట్టిగా, వెలుతురు పోకుండా కట్టుకుంటే తాగే నీళ్ళ కోసం ఎవరి గడపా తొక్కక్కర్లేదు. కప్పు నీళ్ళు దాంట్లోకి పోయే ముందు ఇసుక, బొగ్గు, కంకర పోసిన చిన్న ఫిల్టర్ తొట్టి పెట్టించు, వానలకు ముందు కప్పు ఊడ్పించు.

స్నానాలకూ బట్టలకూ గిన్నెలకూ మనిషికి అరవై లీటర్లు వేసినా రోజుకు 240, అదే 260 రోజులకు 62,000 దాటుతుంది, చెడ్డ ఏడాది కప్పు నీళ్ళు దానికి చాలవు. ఇది బావి నుంచే రావాలి. మోటబావిలో చిన్నబాపు వాళ్ళ వాటా ఉంది, సగం మనది, పూడిక తీయించి పదేళ్ళు దాటింది. కొత్త బోరుకు పెట్టే డబ్బులో సగం పెట్టి దాని పూడిక తీయించి, చేనులోంచి పారిపోయే వాన నీళ్ళను గట్లు వేసి బావికి ఎగువన ఇంకేటట్టు చేస్తే అదే నమ్మకం. చిన్నబాపుతో నువ్వే మాట్లాడు, నేను మాట్లాడితే ఆస్తి మాట అనుకుంటాడు, నువ్వంటే ఆయనకు ప్రాణం.

ఇక ఆ లాన్. బిడ్డా, నీకు పచ్చగడ్డి మీద పిల్లలు ఆడుకోవాలని ఉంది, అర్థమవుతుంది. పదిహేను వందల చదరపు అడుగుల గడ్డికి ఎండాకాలంలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఇచ్చినా 700 లీటర్లు. ఇల్లంతా కలిపి స్నానాలకూ బట్టలకూ గిన్నెలకూ వాడే నీళ్ళకు దాదాపు మూడింతలు గడ్డికి పోయాలి. ఆ జాగాలో వాకిలి పెట్టుకో, పేడతో అలుక్కోవచ్చు, చుట్టూ చెట్ల నీడ పడుతుంది, నువ్వు ఆడుకున్నదీ అలాంటి వాకిట్లోనే కదా.

స్నానాలు, బట్టలు, గిన్నెల నీళ్ళు 240 లీటర్లన్నానే, అవే తోటకు ఆధారం. బాత్రూం బయట మెట్టతామర దుబ్బులూ రెండు అరటి పిలకలూ పెట్టి, అక్కడ వడకట్టినట్టయిన నీళ్ళను కాలువగా చెట్ల వైపు తీసుకుపో. మంచి సబ్బులే వాడు, ఆ నీళ్ళు పచ్చిగా తినే ఆకుల మీద పోయకు. వంద లీటర్లతో రెండు వందల చదరపు అడుగుల కూరగాయల మడి మే నెలలో కూడా బతుకుతుంది. మిగిలిందాంట్లో పది లేత మొక్కలు, ఒక్కోదానికి వారానికి ఇరవై లీటర్లు. అందుకే నీ ప్లాన్‌లో ఉన్న అరవై చెట్లూ ఒకేసారి వద్దంటున్నా, ఏడాదికి పది చొప్పున పెట్టు, రెండు మూడు ఎండాకాలాలు దాటితే వాటి వేళ్ళు అవే చూసుకుంటాయి, అప్పుడు ఆ నీళ్ళు తర్వాతి పదికి.

ఏం పెట్టాలంటే, నువ్వు రాసిన అవకాడో, లిచీ మన నేల మీద వద్దు. సీతాఫలం పెట్టు, గట్ల మీద ఎవరూ నీళ్ళు పోయకపోయినా కాస్తుంది. రేగు, ఉసిరి, చింత, నేరేడు, మునగ, కరివేపాకు, బావి పక్కన ఒక నిమ్మ. మామిడి రెండు చాలు. సీతాఫలం, చింత మాత్రం వీలైతే నేరుగా గింజ నాటు, నర్సరీ సంచిలో చుట్టుకుపోయిన వేరు కన్నా గింజ నుంచి దిగిన తల్లివేరు లోతుకు పోతుంది, మొదట్లో మెల్లగా పెరిగినా తర్వాత అదే నిలబడుతుంది. ప్రతి మొక్క పక్కన ఒక మట్టి కుండ మెడ దాకా పాతిపెట్టి, నీళ్ళు నింపి మూత పెట్టు. పాలిష్ లేని కుండ అయితే నీళ్ళు మెల్లగా చెమ్మగిల్లి వేరుకే అందుతాయి, వారానికి రెండు మూడుసార్లు నింపితే సరిపోతుంది, పైన పోసిన నీళ్ళలాగా ఎండకు పోవు. పాదులో జొన్న చొప్ప, పత్తి కట్టె ముక్కలు, ఎండాకులు మందంగా కప్పాలి, చెదలు పట్టకుండా మొదలుకు జానెడు దూరం వదిలిపెట్టు. కూరగాయల్లో గోరుచిక్కుడు, పుంటికూర, తోటకూర, బుడమకాయ ఎండను తట్టుకుంటాయి, గంగవాయిలి కూర అయితే మనం వేయకపోయినా వస్తుంది. టమాట, కొత్తిమీర చలికాలానికి ఉంచుకో. మొదట మట్టి పరీక్ష చేయించు, సగరోలిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మీ బాపు తీసుకెళ్తానన్నాడు.

ఇంటి గోడకు ఆనుకొని వేప, బాదం గీశావు, అది మాత్రం తప్పక మార్చు. మన కింద ఉన్నది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. ఇప్పుడున్న మన ఇంటి పడమటి గోడ పగులు నీకు తెలుసు కదా, మీ బాపు మూడుసార్లు సిమెంట్ పెట్టించాడు, ప్రతి ఎండాకాలం మళ్ళీ తెరుచుకుంటుంది. గోడకు ఆరడుగుల దూరంలో నేనే ముచ్చటపడి వేప నాటాను, రెండో పక్క స్నానాల నీళ్ళు గోడ మొదట్లోనే ఇంకుతున్నాయి. ఒక పక్క చెట్టు చెమ్మ పీల్చేసింది, ఇంకో పక్క నేల ఉబ్బింది, మధ్యలో గోడ ఏం చేస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరంలో నాటు, ఇంకుడు గుంత కూడా పునాదికి దూరంగానే. పునాది నల్లమట్టి దాటి మొరం దాకా పోవాలి, తవ్విన నల్లమట్టిని మళ్ళీ బేస్‌మెంట్‌లో పోయనివ్వకు, మొరమే పోయించు. మొరం మరీ లోతుగా ఉంటే కింది భాగం గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వేస్తారట, ఆ పద్ధతి మీద రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు చాలా పని చేశారని ఇంజనీరు చెప్పాడు, అడిగి చూడు. ఇంటి చుట్టూ మూడడుగుల గచ్చు తప్పనిసరి.

మట్టి ఇల్లు, పైన మట్టి మిద్దె, నాయనమ్మ ఇల్లు లాంటిది కావాలని అల్లుడు అన్నాడట. చల్లగా ఉంటుంది నిజమే, నాకూ ఆ ఇల్లంటే ప్రేమే. కానీ 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ మన మంచాలు కూడా ఊగాయి. గణపతి నిమజ్జనం చేసి వచ్చి పడుకున్న జనం, మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద అడుగుల మందం మట్టి కప్పు, అదే వాళ్ళ మీద పడింది, వేల మంది పోయారు. గోడలు మట్టితో కట్టుకోండి, నేను వద్దనను, కానీ పునాది మీదా దర్వాజల పైనా చుట్టూ కాంక్రీటు పట్టీ వేయించి, కప్పు తేలిగ్గా పెట్టండి. పడమటి వైపు కిటికీలు తగ్గించి వరండా దించండి, కప్పు మీద సున్నం కొట్టించండి, మే నెల మధ్యాహ్నం అప్పుడే ఇంట్లో కూర్చోగలరు.

సోలార్ గురించి మీకే ఎక్కువ తెలుసు. మూడు కిలోవాట్లయితే మంచి ఎండకు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, ఇంటి కప్పు సోలార్‌కు కేంద్రం ఇచ్చే సూర్య ఘర్ పథకంలో 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒకటి అడిగి తెలుసుకోండి, మామూలు ఆన్‌గ్రిడ్ అయితే లైన్‌లో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, మీ ఆఫీసు పనికి బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలి. గోబర్ గ్యాస్ ఇప్పుడే వద్దు, రెండు ఘనమీటర్ల దానికి రోజుకు యాభై కిలోల పేడ, అంతే నీళ్ళు కావాలి, మనకిప్పుడున్నది ఒక్క బర్రె.

ఇంకో విషయం. రిటైర్ కావడానికి ముందు మా బడి టీచర్లమంతా హివరే బజార్ అనే ఊరు చూడటానికి పోయాం, ఇప్పటి అహిల్యానగర్ జిల్లాలో ఉంది. అక్కడ ఏటా పడిన వాన కొలిచి, ఊరి నీళ్ళ లెక్క కట్టి, ఆ ఏడాది ఏ పంట వేయాలో గ్రామసభలో తేల్చుకుంటారు. ఊరంతా కలిసి చేస్తున్న పని మనం ఒక ఇంట్లో చేయలేమా అని అప్పటి నుంచీ నా మనసులో ఉంది. నీ ఇంటికి ఒక వానమాపకం కొని పెడతా, అది నా బహుమతి.

ఆఖరుగా ముహూర్తం మాట. అక్షయ తృతీయకు ముగ్గు పోద్దామన్నావు. పోస్తే స్లాబులు, గోడలు మే నెలలో తడపాలి, బావిలో నీళ్ళుండవు, ట్యాంకర్లు కొనాలి, సరిగ్గా తడవని కాంక్రీటు జీవితాంతం బాధ పెడుతుంది. దసరాకు పోద్దాం. అప్పటికి బావి నిండి ఉంటుంది, చలికాలమంతా తడపవచ్చు. ఈలోపు జూన్‌లో మొదటి పెద్ద వానకు నువ్వు ఇక్కడ ఉండాలి, రెండు వారాలు లీవ్ పెట్టు. వాన పడేటప్పుడు చేనులో నిలబడి చూస్తే నీళ్ళు ఎటు నుంచి వస్తాయో, ఎక్కడ ఆగుతాయో, ఎటు పోతాయో తెలుస్తుంది. ఈశాన్యం మూల ఎత్తుగా ఉందని నీ ప్లాన్‌లో ఉంది, మీ బాపేమో నీళ్ళు నిలిచేది అక్కడే అంటున్నాడు. ఆయన ఇప్పటికే ఇరవై కర్రలు చెక్కి పెట్టుకున్నాడు, నీళ్ళు పారిన దారి పొడుగునా నువ్వూ ఆయనా కలిసి పాతాలట. వచ్చేటప్పుడు ఒక పెద్ద కొలత టేపు తీసుకురా, ఇంట్లోది అంకెలు చెరిగిపోయింది.

మీ అమ్మ