పీట సంగతి

గాజువాక, విశాఖపట్నం
2025 ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం దీపావళికి ముందు అందితే, శివరాత్రి దగ్గరపడుతుండగా జవాబు రాస్తున్నాను. తిట్టదలచుకుంటే ఇక్కడే ఆగి తిట్టుకుని ఆ తర్వాత చదువు. నిజానికి మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకదాన్ని మా చిన్నది లెక్కలకు చిత్తుకాగితంగా వాడేసింది. మిగతా రెండూ నేనే చింపేశాను, ఎందుకంటే రెండింటిలోనూ "ఇక్కడ అంతా బాగానే ఉంది" అని రాసుకున్నాను. ఫోను చేయవచ్చు కదా అంటావు. ఈ సంగతి ఫోనులో చెబితే సగంలోనే నీ నవ్వు మొదలవుతుంది, ఇక ఆ తర్వాత నేను చెప్పలేను.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మకు రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషను అయింది. ఇప్పుడు వీధి చివర వెళ్లేవాళ్లను సైతం పేరు పెట్టి పిలుస్తోంది. పెద్దది ఇంటర్ రెండో సంవత్సరం. క్వార్టరు ఖాళీ చేసి గాజువాకలో రెండు గదుల వాటా తీసుకున్నాం. నేవీ పింఛను నెలనెలా పడుతోంది, మాజీ సైనికుల వైద్యానికిచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు చేతికి వచ్చింది. ఉదయం మూడున్నరకు మాత్రం ఇప్పటికీ మెలకువ వస్తుంది, ఓడలో మార్నింగ్ వాచ్ డ్యూటీకి ఎవరో బంకు తట్టి లేపినట్టు. లేచి కూర్చుంటాను, వెళ్లవలసిన చోటు ఉండదు.

ఇక అసలు సంగతి. "బయట ఎలా ఉంది, నేవీలో సర్వీసు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టమంటావా, వచ్చేయమంటావా" అని అడిగావు కదా. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక పీట కథ. నవ్వకు.

జూలై 31న బయటికి వచ్చినవాడిని నవంబరు దాకా బయోడేటాలు పంచుతూనే ఉన్నాను. పదిహేనేళ్ల సర్వీసు డిగ్రీతో సమానమని మనకిచ్చే సర్టిఫికెట్టు ఉంది కదా, దాన్ని తిరగేసి మరగేసి చూసి ఒక ఆఫీసులో అమ్మాయి, "సార్, మీ సబ్జెక్టు ఏమిటి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక "సముద్రం" అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. మాజీ సైనికులకు కోటా ఉంది గనుక బ్యాంకు గుమాస్తా పరీక్షకు కూడా ఇరవై రోజులు కూర్చున్నాను. పెద్దది నాకు చక్రవడ్డీ చెప్పేటప్పుడు దాని మొహంలో కనిపించిన ఓర్పును భరించలేక పుస్తకం మూసేశాను.

డిసెంబరులో పరవాడ వైపు ఒక రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో యుటిలిటీ సూపర్‌వైజరుగా చేరాను. ఆవిరి, చలి, గాలి, నీళ్లు, కరెంటు నా కింద ఉంటాయి. రొయ్యతో నాకు సంబంధం లేదు. ఇంటర్వ్యూలో గొప్పగానే చెప్పుకున్నాను, నీ దగ్గర దాచడం దేనికి. 2020 మే నెలలో కరోనా భయంతో లోకమంతా తలుపులు మూసుకున్నప్పుడు మన ఓడ జలాశ్వ మాల్దీవుల్లోని మాలే నుంచి 698 మందిని కొచ్చికి చేర్చిందనీ, అప్పుడు కింద బాయిలరు గదిలో నేనే ఉన్నాననీ చెప్పాను. ఆ వచ్చినవారిలో ఒక్కరి మొహమైనా నేను చూడలేదని మాత్రం చెప్పలేదు. మేనేజరుకు ముప్ఫై ఏళ్లు దాటి ఉండవు. అంతా గౌరవంగా విని, "బాయిలరు అటెండెంటు సర్టిఫికెట్టు ఉందా సార్?" అన్నాడు. లేదు. మనకెందుకుంటుంది? 1923 నాటి బాయిలర్ల చట్టం సైన్యం, నౌకాదళం, వాయుసేనల బాయిలర్ల జోలికి ఎన్నడూ రాలేదు. ఇరవై ఏళ్లు ఆ చట్టానికి అవతలి ఒడ్డున బతికి ఇప్పుడు ఇవతలి ఒడ్డుకు కొట్టుకువచ్చాను. ఇక్కడ బాయిలరుకు రిజిస్ట్రేషను ఉండాలి, ఇన్‌స్పెక్టరు తనిఖీ ఉండాలి, దాని ముందు సర్టిఫికెట్టు ఉన్న మనిషి ఉండాలి. మా దగ్గర ఆ మనిషి పేరు తాత.

అసలు పేరు హాజరుపట్టీలో మాత్రమే ఉంది. వయసు యాభై ఎనిమిది. సన్నగా, నల్లగా, మెడలో తువ్వాలుతో ఉంటాడు. పందొమ్మిదేళ్లుగా ఆ బాయిలరు దగ్గరే పని చేస్తున్నాడు. గంటకు మూడు టన్నుల ఆవిరి ఇచ్చే కట్టెల బాయిలరు అది, పదిన్నర కిలోల ప్రెజరు. జలాశ్వ పక్కన పెడితే అది మన గ్యాలీలో టీ గిన్నె. నేను కూడా దాన్ని టీ గిన్నెను చూసినట్టే చూశాను, తాతను ఆ గిన్నె కాసేవాడిలా చూశాను. తప్పంతా అక్కడే మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది.

చేరిన మొదటి నెలలో నేనేం చేసి ఉంటానో నువ్వు చూడకుండానే చెప్పగలవు. పైపులకు రంగులు వేయించాను. లాగ్‌బుక్కులో టైము ఇరవైనాలుగు గంటల లెక్కలో రాయాలన్నాను. చెప్పులు మాన్పించి బూట్లు తొడిగించాను. కుర్రాళ్లు నాకు "నేవీ సార్" అని పేరు పెట్టారు. నా వెనక ఇంకేదో అంటారని తెలుసు, వినలేదు. జనవరి 4న ఆర్.కె. బీచిలో మనవాళ్ల విన్యాసాలు జరిగితే పిల్లలను తీసుకెళ్లి కురుసుర జలాంతర్గామి పక్కన జనంలో నిలబడి చూశాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఒడ్డు మీద నుంచి చూడడం. చిన్నది నా చెయ్యి లాగి, "నాన్నా, నువ్వు ఓడలో ఎక్కడుండేవాడివి?" అని అడిగితే నీటిగీతకు కింద చూపించాను. "అక్కడేం కనిపించడం లేదు కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఫ్యాక్టరీలో నా గొంతు ఇంకాస్త పెరిగింది. ఈ రెంటికీ సంబంధం ఉందో లేదో నువ్వే చెప్పు.

తాతకు ఒక పీట ఉంది. ప్యాకింగు చెక్కలతో తానే చేసుకున్నది, మోకాలెత్తు, ఒక కాలు మిగతా మూడింటికన్నా పొట్టి. బాయిలరు గది గుమ్మానికి కొంచెం లోపల వేసుకుని దాని మీద కూర్చుంటాడు. వాచ్‌లో ఉన్నవాడు కూర్చోవడమా! మొదటిసారి చెప్పాను, "అలాగే బాబూ" అని నవ్వి కూర్చున్నాడు. రెండోసారి చెప్పాను, మళ్లీ "అలాగే". సంక్రాంతి సెలవులు అయిన తర్వాతి సోమవారం, కట్టెలు వేసే ఇద్దరు కుర్రాళ్ల ముందు, నీకు బాగా తెలిసిన ఆ గొంతుతో, లోనావాలాలో గొడుగు పోయిన రోజు విన్నావే, ఆ గొంతుతో, "నువ్వు కూర్చోవడానికి కాదు నీకు జీతం" అన్నాను. పీటను తీయించి తుక్కులో పడేయించాను. తాత ఏమీ అనలేదు. రెండు గంటల దాకా నిలబడే పని చేసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. నేను లాగ్‌బుక్కులో "1010, పీట తొలగించడమైనది" అని రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీతను తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు ఆరు గంటలకు తాత రాలేదు. ఏడయింది, ఏడున్నరయింది. సర్టిఫికెట్టు ఉన్న రెండో ఆయన పండక్కి పలాస వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. నాలుగు టన్నుల రొయ్య ఐసులో ఉంది, ఉడికించే లైను దగ్గర ఆడవాళ్లు చేతులకు తొడుగులు వేసుకుని నిలబడ్డారు. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "ఓడలు నడిపినవారు, మధ్యాహ్నం దాకా మీరే కానిచ్చేయండి సార్, ఎవరు చూడొస్తారు?" అన్నాడు. ఒట్టు శ్రీనూ, చేతులు దురద పెట్టాయి. మంట రాజేసి, నీటి మట్టం చూసి, వాల్వు మీద చెయ్యి వేసి ఆరు నెలలైంది. అయినా చేయనన్నాను. చట్టం మీద భక్తి కొద్దీ అన్నానని అనుకోకు. నిన్న నిబంధన పేరు చెప్పి పీట పడేయించినవాడు ఈరోజు నిబంధన తప్పి బాయిలరు వెలిగిస్తే, ఆ ఇద్దరు కుర్రాళ్ల ముందు రేపు ఏ మొహం పెట్టుకుని నిలబడతాడు? అదొక్కటే నన్ను ఆపింది. "అయితే తాతను మీరే తీసుకురండి" అన్నాడు మేనేజరు. ఆ మాటలో గౌరవం కొంచెం తగ్గింది, లేదా నాకలా వినిపించింది.

దారిలో స్కూటరు మీద నాకు పట్టిన ఆలోచన ఒక్కటే. మన దగ్గర అరిస్తే ఏమయ్యేది? ఎవడికైనా కోపం వస్తే ఎక్కడికి పోతాడు, నాలుగు వైపులా నీళ్లే కదా. రాత్రికి అదే మెస్సులో, అదే బంకు వరసలో, అరిచినవాడూ పడ్డవాడూ పక్కపక్కనే పడుకోవాలి. మనమేమో మన మాటకు బలం ఉంది కాబట్టి వింటున్నారనుకున్నాం. నా మీద నువ్వు ఎనిమిది రోజులు అలిగినప్పుడు కూడా తొమ్మిదో రోజు సోపు నన్నే అడిగావు, వేరే దారి లేక. ఇక్కడ మనిషికి ఇల్లు ఉంది. రానని చెప్పనక్కర కూడా లేదు, రాకుండా ఉంటే చాలు. ఇరవై ఏళ్లలో నేను చూడని ఆయుధం ఇది.

తాత ఇల్లు అగనంపూడి నిర్వాసితుల కాలనీలో ఉంది. ఉక్కు కర్మాగారానికి భూమి పోయిన కుటుంబం. నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు ఉంది, ఆ కార్డుకు రావలసిన ఉద్యోగం మాత్రం రాలేదు. అరుగు మీద ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీని తువ్వాలుతో దులిపి, "ఏటి బాబూ, ఇంత దూరం వచ్చినారు, కూకోండి" అన్నాడు. వద్దన్నాను. "కూకోండి" అన్నాడు. నిలబడతానన్నాను. మూడోసారి "కూకోండి బాబూ" అనేసరికి కూర్చున్నాను. ఆయన కూర్చోలేదు. "మీరూ కూర్చోండి" అన్నాను. నా నోట ఆయనకు మొదటిసారి "మీరు" వచ్చింది. అందుకు తాత, కోపం లేకుండా, నవ్వు కూడా లేకుండా, "నాకు నిన్నట్నించి నిలబడ్డం అలవాటైపోనాది" అన్నాడు.

శ్రీనూ, మనకు క్షమాపణ పైకి చెప్పడం వచ్చు. ఆఫీసరు ముందు నిలబడి "సారీ సర్" అనడం చిలికాలో మొదటి శిక్షణలోనే నేర్పారు. కిందికి చెప్పడం ఎవరు నేర్పారు? నాలుక తిరగలేదు. చివరికి చాలా చిన్న గొంతుతో "తప్పయిపోయింది" అన్నాను. పందొమ్మిదేళ్లు ఫీడు పంపు మోత పక్కన గడిపిన చెవులకు అది వినిపించలేదు. "ఏటన్నారు?" అన్నాడు. గట్టిగా అన్నాను. పక్కింటి అరుగు మీదివాళ్లు ఇటు తిరిగి చూశారు. తాత భార్య లోపలి నుంచి పండగ అరిసెలు రెండు పళ్లెంలో తెచ్చి నా చేతికిచ్చింది. ఆవిడకు ఏం తెలుసో, ఎంత తెలుసో నాకు తెలియదు. గొంతు దిగకపోయినా తిన్నాను.

"ఆర్డర్లు ఏసినోళ్లని సానామందిని సూసినాను బాబూ," అన్నాడు తాత. "దానికి కాదు. ఆ పీట నానక్కడ ఎందుకెట్టినానో ఒక్కపాలి అడిగినారా?"

అడగలేదు. అదే చెప్పాను. ఇంకేమీ మాట్లాడకుండా చొక్కా తగిలించుకుని నా వెనక స్కూటరెక్కాడు. పన్నెండుంపావుకు ఆవిరి లేచింది. అప్పటికి కొంత రొయ్యను పచ్చిదే గడ్డకట్టించడానికి మళ్లించారు. దాని మీద నాకొక మెమో వచ్చింది. నా సర్వీసంతటిలో లేని ముచ్చట అది.

తుక్కులోంచి పీటను నేనే వెతికి తెచ్చాను. మర్నాడు తాత దాన్ని పాతచోటే వేసి, నన్ను కూర్చోమన్నాడు. కూర్చున్నాను. నీటి మట్టం చూపే గాజు గొట్టాలు రెండూ సరిగ్గా నా కంటి ఎత్తులో ఉన్నాయి. నిలబడి పైనుంచి చూసినప్పుడు గీత మీద వచ్చే తేడా అక్కడ రాదు. తల కొంచెం తిప్పితే ప్రెజరు గేజి. ఇటు తిప్పితే గుమ్మంలోంచి పొగగొట్టం కొస, దాని మీద ఆకాశం. పొగ నల్లబడితే మంటకు గాలి చాలడం లేదని అక్కడి నుంచే తెలిసిపోతుంది. లేచి నిలబడ్డాను, గుమ్మం పైకమ్మీ అడ్డొచ్చి పొగగొట్టం మాయమైంది. మనకు పొగ ఎలా ఉందో పైనుంచి ఫోనులో చెప్పేవారు గుర్తుందా? కాబట్టి పొగను చూడడం కూడా బాయిలరువాడి పనే అని నాకు ఎన్నడూ తట్టలేదు. ఇక ఆ పొట్టి కాలు ఉందే, గది నేల నీళ్లు పోవడానికి ఒక పక్కకు వాలు. పీట అక్కడ వేస్తే కదలదు, ఇంకెక్కడ వేసినా ఊగుతుంది. నేను దాన్ని విరిగిన పీట అనుకున్నాను.

తాతకు నేనేమీ చెప్పలేదు. లాగ్‌బుక్కులో మాత్రం, "0640, పీట యథాస్థానంలో ఉంచడమైనది" అని రాశాను. గీత గీయలేదు.

ఇప్పుడు నేను కూడా సర్టిఫికెట్టు పరీక్షకు తయారవుతున్నాను. పొద్దున తాత హాజరు మీద నేను సంతకం పెడతాను, మధ్యాహ్నం ఆయన దగ్గర కట్టెలు వేయడం నేర్చుకుంటాను. మంట మీద కట్టె ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఆయిలు బాయిలరు నడిపినవాడికి తెలియదు. నిన్న ఒక మొద్దు తప్పు వైపు వేస్తే నెత్తి మీద ఒకటి వేయబోయి ఆగాడు, నేను సూపర్‌వైజరునని గుర్తొచ్చి. ఇదంతా సుఖమని చెప్పను. మొన్న హార్బరు వైపు నుంచి ఓడ కూత వినబడితే బాయిలరు గదిలోంచి బయటికి వచ్చి ఎంతసేపు నిలబడ్డానో... సరే, అది వేరే ఉత్తరం.

నీ పొడిగింపు సంగతి ఇంకా చెప్పనే లేదు. సంతకం పెట్టే ముందు పింఛను లెక్కల కన్నా ముందు ఇంకొకటి చూసుకో. నీ మాట వినేవాళ్లలో, వినకుండా వెళ్లిపోయే వీలున్నా వినేవాళ్లు ఎంతమంది ఉన్నారో, అలాంటివాళ్లు

తాత కేక వేస్తున్నాడు. ఆదివారం షిఫ్టులో బాయిలరు గదిలోనే కూర్చుని ఇది రాస్తున్నాను, పీట మీద కాదు, కట్టెల మీద. గాజు గొట్టం కడిగే వేళయింది, ఆలస్యమైతే ఊరుకోడు. కార్వార్‌లో నీ చిరునామా మారలేదనుకుని పంపుతున్నాను. ఆ గొడుగు సంగతి మీ ఆవిడకు చెప్పకు.

నీ
చీఫ్