ఆ అట్టల సంగతి

షికాగో, ఆదివారం

అమ్మా,

మొన్న వీడియో కాల్‌లో నాన్నగారు నా వెనక బీరువా చూసి "ఆ అట్టలన్నీ ఏంట్రా?" అనగానే సిగ్నల్ పోయిందన్నాను. సిగ్నల్ బాగానే ఉంది.

ఉద్యోగం సాగుతోంది. పోయిన నెల కొందరిని తీసేశారు, నన్ను కాదు. టెన్షన్ పడొద్దు.

అవి పాత బ్లూస్ రికార్డులు, 36 ఉన్నాయి. బ్లూస్ అంటే ఇక్కడి నల్లజాతి వాళ్ల పాటలు. తాతయ్య గ్రామఫోన్ ప్లేట్లలాంటివే. కాకపోతే ఇవి వినైల్ అనే ప్లాస్టిక్‌వి, తాతయ్యవి లక్కతో చేసినవి. అందుకే నా చేతిలోంచి జారింది మూడు ముక్కలైంది, నీకు గుర్తుందిగా.

మడ్డీ వాటర్స్ అని ఒకాయన. మిసిసిపీలో స్టోవాల్ వాళ్ల పొలంలో పత్తి తీసేవాడు. 1941లో అలాన్ లోమాక్స్ అనే ఆయన మెషీన్ తీసుకుని అక్కడికే వెళ్లి ఈయన పాటలు రికార్డు చేశాడు. 1943లో మడ్డీ వాటర్స్ ఈ ఊరు వచ్చేశాడు. ఇక్కడి బార్ల గోలలో మామూలు గిటారు వినపడక కరెంటు గిటారు పట్టాడు. ఆయన పాట పెడితే నాకు పత్తి తీత రోజుల్లో నీ వేళ్లు గుర్తొస్తాయి. డొప్పలు గీరుకుని, పచ్చడి మండుతోందని చెంచా అడిగేదానివి.

డబ్బు గురించేగా నీ బాధ? చాలావరకు 10, 15 డాలర్లవే. రూపాయల్లోకి మార్చి క్వింటాళ్ల లెక్క కట్టకు. ఒక్కదానికే 60 పెట్టాను, అందులోనే మోసపోయాను. అట్ట పాతదే, లోపలి ప్లేటు ఎప్పుడో తర్వాత వేసింది. లేబుల్ చుట్టూ నున్నగా ఉండే చోట సన్నగా ఒక నంబరు గీసి ఉంటుంది, దాన్ని బట్టే ప్లేటు ఎప్పటిదో పోల్చుకోవాలి. ఇంటికొచ్చి లైటు కింద వాల్చి చూస్తేగాని తెలియలేదు. ఆ కొట్టుకి మళ్లీ వెళ్లలేదు. సరే, వెళ్లాను.

నాన్నగారు బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?

ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతోంది. ప్లేటు ఒక వైపు ఇరవై నిమిషాలు వస్తుంది, తర్వాత లేచి తిప్పాలి. ఎలాగూ లేచాను కదా అని కుక్కర్ పెడతాను. అంతకుముందు ఆదివారాలు మంచం దిగేవాణ్ని కాదు. ఈ మాట ఫోన్లో చెప్పలేదు.

అటక మీద తాతయ్య ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడేసి ఉంటే నిలువుగా పెట్టించు. పాత సామాన్లవాడికి మాత్రం వేయొద్దు.

నీ చిన్నోడు