స్కాన్ చేశామని పాత బైండ్లు పారెయ్యొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం పాత దినపత్రికల బైండ్లను తూకానికి వేయబోతోంది. అడిగితే ‘ఇప్పుడన్నీ నెట్‌లోనే ఉన్నాయి కదండీ’ అన్నారు. ఇలాంటి మాటే నమ్మి పెద్ద పెద్ద గ్రంథాలయాలు చేతులు కాల్చుకున్నాయి.

అమెరికా గ్రంథాలయాలు 1930ల నుంచి దినపత్రికలను మైక్రోఫిల్ములోకి, అంటే పేజీలను బాగా చిన్నవి చేసి ఫొటో తీసిన ఫిల్ము రీళ్లలోకి ఎక్కించాయి. న్యూస్‌ప్రింట్ ఎలాగూ పొడైపోతుంది, ఫిల్ము అయితే చోటు కలిసొస్తుంది అనుకున్నారు. అంతవరకు మంచిపనే. ఆ తర్వాత అసలు ప్రతులను వదిలించుకున్నారు. ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ఆదివారం అనుబంధాల్లోని రంగుల బొమ్మలు ఫిల్ములో నలుపు తెలుపై కూర్చున్నాయి. కొన్ని పేజీలు మసకగా వచ్చాయి, కొన్ని అసలు ఎక్కనేలేదు. పైగా ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఆనాటి ఫిల్మే వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోసాగింది. 1999లో బ్రిటిష్ లైబ్రరీ కూడా అమెరికన్ పత్రికల బైండ్లను వదిలించుకుంది. ఒక అమెరికన్ రచయిత పూనుకుని, సంస్థ పెట్టి కొనబట్టి వేల సంపుటాలు దక్కాయి. 2004లో అవి డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి.

మన అనుభవమూ ఇలాంటిదే. పాత పుస్తకాలను నెట్‌లో పెట్టేందుకు మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రం. దానివల్ల ఎంత మేలు జరిగిందో పాత పుస్తకాల కోసం తిరిగినవాళ్లకు బాగా తెలుసు. కానీ పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కాయి, కొన్నిటిలో పేజీలు ఎగిరిపోయాయి. చివరికి కాపీరైట్ గొడవలతో సైటే ఆగిపోయింది. ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి ఎక్కించబట్టి ఈ రోజు చదవగలుగుతున్నాం. అందులోనూ ఎగిరిపోయిన పేజీ కావాలంటే అసలు పుస్తకమే దిక్కు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లేది అక్కడ పాత పత్రికలు భద్రంగా ఉన్నాయనే.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అందులోంచి స్కానింగ్‌కు ఖర్చుపెడితే సంతోషమే. అయితే స్కాన్ అయిన ప్రతి పత్రికకూ రాష్ట్రంలో కనీసం ఒక్క చోటైనా అసలు ప్రతి ఉండేలా పౌర గ్రంథాలయ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఫైళ్లు ఒకే సర్వర్‌లో కాకుండా రెండు మూడు చోట్ల ఉంచాలి. ఏ గ్రంథాలయమైనా బైండ్లు తీసెయ్యాలనుకుంటే ముందు జాబితా ప్రకటించి, తీసుకుంటామనే కాలేజీలకు, పరిశోధకులకు కనీసం మూడు నెలల గడువు ఇవ్వాలి.

– ఒక పాఠకుడు