మాజీ సైనికుణ్ణి యుద్ధంతో పాటు సాయంత్రాల గురించీ అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

గత డిసెంబరులో విజయ్ దివస్ సందర్భంగా మీ పత్రిక హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో స్థిరపడిన మాజీ సైనికుల అనుభవాలను వరుసగా ప్రచురించింది. వాటిలో ఒకటి నాది. దానిని రాసిన విలేకరి శ్రద్ధగల యువకుడు. నేను చెప్పినదాన్ని ఎక్కడా మార్చలేదు, ఊళ్ల పేర్లూ తేదీలూ సరిగ్గా వేశారు. అందుకు ఆయనకూ మీకూ కృతజ్ఞుణ్ణి. అయితే ఆ కథనాలన్నిటినీ ఒకచోట పెట్టుకొని చదివిన తరువాత నాకు కలిగిన అభిప్రాయాన్ని మీ ముందుంచడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రతి కథనమూ కాల్పులతో మొదలై కాల్పులతోనే ముగిసింది. తూర్పు రంగంలో 1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16వ తేదీ సాయంత్రం ఢాకాలోని రమ్నా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేయడంతో ముగిసింది. అంటే పదమూడు రోజులు. మాలో ఎవరమూ పదమూడు రోజులు మాత్రమే సైనికులుగా బతకలేదు. సైనికుని ఉద్యోగంలో ఎక్కువ భాగం ఎదురుచూపు. ఆ ఎదురుచూపులో మనిషిని మనిషిగా నిలబెట్టినవి పాటా ఆటా. వాటి గురించి మమ్మల్ని ఎవరూ అడగడం లేదు.

నేను సిగ్నల్స్ కోర్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసి హవల్దార్‌గా పదవీ విరమణ పొందాను. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కార్మికులు. 1962 చైనా యుద్ధం తరువాత సైన్యాన్ని విస్తరిస్తున్న రోజుల్లో నేను భర్తీ అయ్యాను. శిక్షణ జబల్పూర్‌లో జరిగింది. ఆపరేటర్ వృత్తి అంటే ప్రధానంగా చెవి వృత్తి. గాలిలో వచ్చే చప్పుళ్ల మధ్య నుంచి మనకు కావలసిన సంకేతాన్ని పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని లాగ్‌బుక్‌లో సమయంతో సహా రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు. తరువాతి జీవితంలో నేను ఇష్టపడినవన్నీ ఈ రెండు అలవాట్ల నుంచే వచ్చాయి. విన్నది మరచిపోలేను, జరిగినదాన్ని రాసిపెట్టకుండా ఉండలేను.

పాట మాత్రం అంతకు ముందునుంచే ఉంది. మా బస్తీలో రేడియో ఉన్న ఇళ్లు బహు తక్కువ. సికింద్రాబాద్ ఇరానీ హోటళ్లలో ఒక చాయ్ చెప్పి గంటసేపు కూర్చుంటే ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం నుంచి వచ్చే పాటలన్నీ వినవచ్చు. యజమాని లేచి వెళ్లమనేవాడు కాదు. ఘంటసాల గారి గొంతు నాకు అక్కడే పరిచయం. 1957లో వివిధ భారతి మొదలైన తరువాత సైనికుల కోసం వచ్చే జయమాల కార్యక్రమాన్ని నేను మొదట పౌరునిగా విన్నాను, ఆపైన సైనికునిగా విన్నాను. రెండూ ఒకటి కావు. జవాన్ల పేర్లు చదివి, వారు కోరిన హిందీ పాట వినిపించేవారు. పంజాబీ, తమిళుడు, గఢ్వాలీ, తెలుగువాడు ఒకే సెట్టు చుట్టూ చేరేవారు. పేరు చదివిన క్షణంలో ఆ మనిషి ముఖం చూడాలి. ఊరి నుంచి ఉత్తరం వచ్చిన రోజున కూడా అంత వెలుగు ఉండేది కాదు. తెలుగు పాట కావాలంటే మాలో ఎవరో ఒకరు పాడవలసిందే. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక నాయక్‌కు రాయబార పద్యాలు మొత్తం కంఠస్థం. రాగం తీసి ఆయన పద్యం అందుకుంటే, భాష తెలియని వారు కూడా చేతిలోని పని ఆపి వినేవారు.

ఆ నాయక్ గారూ నేనూ కలిసి పనిచేసినది గాజాలో. 1956 సూయజ్ సంక్షోభం తరువాత ఈజిప్టు, ఇజ్రాయెల్ సరిహద్దులో ఐక్యరాజ్యసమితి నిలిపిన శాంతి సేనలో భారత సైన్యం మొదటినుంచీ ఉంది. నేను వెళ్లేనాటికి ఆ సేనకు అధిపతి మనవారే, మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ గారు. ఆ సేనకు సిగ్నల్స్, రవాణా వంటి పనులు చూసేది కెనడా సైనికులు. వృత్తి ఒకటే కావడం వల్ల వారితో మాకు రోజూ మాటలుండేవి. సాయంత్రం ఎండ తగ్గాక వారు ఇసుక నేల చదును చేసుకొని, మూలల్లో బేస్‌లుగా నాలుగు సంచులు పెట్టుకొని బేస్‌బాల్ ఆడేవారు. నేను మైదానం అంచున కూర్చొని చూసేవాణ్ణి. మాంట్రియల్ నుంచి వచ్చిన ఒక కార్పొరల్ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఆట స్కోరు రాయడం నేర్పాడు. తన ఊరి గురించి అతను గర్వంగా చెప్పుకొనే విషయం ఒకటుంది. నల్లజాతివారిని రానివ్వని అమెరికన్ ప్రధాన లీగ్‌లో 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ జట్టు తరఫున అడుగుపెట్టిన జాకీ రాబిన్సన్, అంతకు ముందు సంవత్సరం ఆడినది మాంట్రియల్ జట్టుకే. రాబిన్సన్ సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు, బస్సులో వెనక సీట్లకు వెళ్లమంటే వెళ్లనన్నందుకు 1944లో కోర్టు మార్షల్ ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. యూనిఫారంలో ఉంటూ అలా నిలబడడానికి ఎంత గుండె కావాలో యూనిఫారం వేసినవారికి తెలుస్తుంది.

1967 మే నెలలో ఈజిప్టు కోరిక మేరకు శాంతి సేనను ఉపసంహరించారు. కెనడా వారు ముందు వెళ్లిపోయారు. భారతీయులు ఇంకా పూర్తిగా కదలకముందే జూన్ 5న యుద్ధం వచ్చిపడింది, మనవారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. నేను అప్పటికే స్వదేశం చేరాను. వార్త రేడియోలో విన్నాను. జబల్పూర్‌లో నాతో కలిసి తిన్నవారు ఆ మృతుల్లో ఉన్నారు. ఆ వార్త గురించి ఇంతకంటే రాయలేను.

ఇప్పుడు నా వ్యాపకం సంగతి చెప్పాలి. పదవీ విరమణ తరువాత మల్కాజిగిరిలో స్థిరపడి, ఎనిమిది జట్లతో ఒక బేస్‌బాల్ లీగ్ నడుపుతున్నాను. అది కాగితం మీద, రెండు పాచికలతో నడిచే లీగ్. జట్లు మన ఊళ్లే: అల్వాల్, బొల్లారం, లాలాగూడ, మౌలాలి, బోయినపల్లి, మారేడ్‌పల్లి, కార్ఖానా, తిరుమలగిరి. ప్రతి ఆటగానికీ ఒక అట్ట ముక్క, దాని మీద ముప్పై ఆరు గడులు. ఎర్ర పాచిక పదుల స్థానం, తెల్ల పాచిక ఒకట్ల స్థానం. ఎర్రది 4, తెల్లది 2 పడితే 42వ గడి చూడాలి. బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరితే అది హిట్. సాధారణ బ్యాటర్‌కు ముప్పై ఆరింటిలో తొమ్మిది గడులు హిట్లు, అంటే నాలుగో వంతు. పదకొండు ఉంటే అతను గొప్ప ఆటగాడు. ఎందుకంటే బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. ఎదుట మంచి పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఉంటే వాటిలో రెండు గడులు అవుటుగా మారతాయి. ఒక్కొక్క జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు. పాచికలు ఎనభైసార్లు వేస్తే దాదాపు ఒక మ్యాచ్ పూర్తవుతుంది.

హైదరాబాదువాడివి, క్రికెట్ లీగ్ నడపరాదా అని మిత్రులు అడుగుతారు. క్రికెట్ మీద నాకున్న ప్రేమ తక్కువేమీ కాదు. 1971 ఆగస్టులో ఓవల్‌లో మన అబిద్ అలీ గెలుపు పరుగులు కొట్టినప్పుడు మా బ్యారక్ అంతా ఊగిపోయింది. కానీ టెస్టులో ఒక రోజు ఆటకు తొంభై ఓవర్లంటే అయిదు వందల నలభై సార్లు పాచికలు వేయాలి, అదీ అయిదు రోజులు. బేస్‌బాల్ ఒక సాయంత్రంలో ముగుస్తుంది. పైగా ఆ ఆటకు స్కోరు పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి అమెరికాలో మొదట క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. కాబట్టి రెండు స్కోరు పుస్తకాలూ ఒక ఇంటివే.

ఆ స్కోరు పుస్తకంలోని సొగసును వివరించకుండా ఉండలేను. మైదానంలోని తొమ్మిది స్థానాలకు తొమ్మిది అంకెలున్నాయి. పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక ముగ్గురూ 7, 8, 9. ఒక గడిలో 6-4-3 అని రాసి ఉంటే, షార్ట్‌స్టాప్ బంతిని అందుకొని రెండో బేస్‌కు వేశాడనీ, అక్కడ ఒకరు అవుటయ్యాక అతను మొదటి బేస్‌కు వేసి మరొకరిని అవుట్ చేశాడనీ అర్థం. మూడు అంకెల్లో ముగ్గురు మనుషుల పని, ఇద్దరి నిష్క్రమణ, కళ్లకు కట్టినట్టు నమోదవుతాయి. యాభై ఏళ్ల తరువాత ఎవరు తెరిచి చూసినా ఆ బంతి ఎటు వెళ్లిందో చెప్పగలరు. లాగ్‌బుక్ రాసిన చేతికి ఇంతకంటే ఇష్టమైన పని మరొకటి దొరకదు.

మా లీగ్‌లో ఆటగాళ్లకు నాతో పనిచేసిన మనుషుల స్వభావాలు ఇచ్చాను. తొందరపడేవాడు బేస్ దొంగిలించబోయి, అంటే ఎవరూ బంతి కొట్టకముందే తరువాతి బేస్‌కు పరుగెత్తబోయి, దొరికిపోతాడు. ఎంత చలిలోనూ చేయి వణకని ఆపరేటర్ ఒకరు లాలాగూడకు ప్రధాన పిచర్. అయితే యుద్ధంలో అసువులు బాసినవారి పేర్లు ఏ అట్ట మీదా రాయలేదు. వారి గెలుపోటములు పాచికల మీద ఆధారపడడం నాకు సమ్మతం కాదు. మైదానాలకు వారి పేర్లు పెట్టుకున్నాను. ప్రతి మ్యాచ్ పుట మీద మొదటి వరుసలో మైదానం పేరు రాయాలి కాబట్టి ఆ పేర్లు నా చేతి కింద మళ్లీ మళ్లీ పడుతూ ఉంటాయి.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ప్రేక్షకులు లేచి నిలబడి పాడడం అమెరికాలో ఆచారం. నేను ఆ సమయానికి పాచికలు పక్కన పెట్టి ఒక పాట వింటాను. ఏ ఊరి మైదానమైతే ఆ ఊరికి ఒక గొంతు. అల్వాల్‌కు సుశీల గారు, బొల్లారానికి పి.బి. శ్రీనివాస్ గారు, మారేడ్‌పల్లికి జిక్కి గారు. లాలాగూడ నేను పుట్టిన చోటు కనుక అది ఘంటసాల గారిది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయిన వార్త విన్ననాడు మా యూనిట్‌లోని తెలుగువాళ్లమందరం ఒకచోట చేరి, వచ్చిన పద్యాలన్నీ పాడుకున్నాం. ఏ పాట విన్నానో స్కోరు పుస్తకం అంచున రాసి ఉంచుతాను. ఇలా పుట తిరగేస్తే ఒక మ్యాచ్, ఒక పాట, కొందరు మనుషులు కలిసి గుర్తుకొస్తారు. యుద్ధం గురించి సూటిగా అడిగితే నోరు పెగలని సంగతులు, ఈ పుస్తకం ముందు కూర్చొని పాట సందర్భం చెబుతూ ఉంటే వాటంతట అవే బయటికి వస్తాయి. మా మనుమరాలు నా గురించి తెలుసుకున్నదంతా దాదాపు ఇలా తెలుసుకున్నదే.

ఇలాంటి పుస్తకాలు నా ఒక్కడి దగ్గరే లేవు. అల్వాల్‌లో ఉండిన నా మిత్రుడొకరు, ఆర్టిలరీ ఆయన, తాను రేడియోలో విన్న ప్రతి తెలుగు పాటనూ తేదీ, గాయకులు, రచయిత, సంగీత దర్శకుల వివరాలతో లెడ్జర్లలో రాసుకున్నారు. ఆ పుటల్లో సరిహద్దు శిబిరాల పేర్లూ, ఆనాటి వాతావరణమూ, పక్కన కూర్చొని విన్నవారి పేర్లూ ఉండేవి. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో అవి పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్లిపోయాయి. పిల్లలను నేను తప్పుపట్టను. అవి విలువైనవని వారికి చెప్పినవారు లేరు. పతకాలు మాత్రం భద్రంగా గాజు పెట్టెలో ఉన్నాయి.

అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ చిన్ననాటినుంచీ ఊహా జట్లతో బేస్‌బాల్ లీగ్ నడిపాడు, దానికి వార్తా పత్రికలు కూడా తానే రాసుకున్నాడు. ఆ కాగితాలన్నీ నేడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆయన ప్రసిద్ధుడు కనుక దాచారు. పేరు లేని జవాన్ల రాతల్లోనూ ఒక కాలపు చరిత్ర ఉన్నది కనుక మనమూ దాచాలని నా విన్నపం.

మీ పత్రిక ద్వారా రెండు కోరికలు కోరుతున్నాను. ఇకపై మాజీ సైనికులతో మాట్లాడేటప్పుడు, ఆ శిబిరంలో సాయంత్రం ఏం చేసేవారు, ఎవరు బాగా పాడేవారు, ఏ ఆట ఆడేవారు, అది ఇంకా ఆడుతున్నారా అని మీ విలేకరులు తప్పక అడగాలి. వచ్చిన జవాబులకు యుద్ధానికి ఇచ్చినంత చోటు ఇవ్వాలి. 1965లో, 1971లో పనిచేసినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు, గొంతులు రికార్డు చేసుకోవడానికి ఇంక ఎక్కువ వ్యవధి లేదు. రెండవది, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో మాజీ సైనికుల డైరీలు, ఉత్తరాలు, పాటల పుస్తకాలు, ఆటల పుస్తకాల కోసం ఒక బీరువా కేటాయించేలా, సైనిక సంక్షేమ శాఖ ఆ సంగతిని కుటుంబాలకు తెలియజేసేలా ప్రభుత్వ దృష్టికి తీసుకువెళ్లగలరు. ఆ బీరువా ఏర్పాటైన రోజున నా స్కోరు పుస్తకాలను స్వయంగా తెచ్చి అప్పగిస్తాను. ఇప్పుడు నడుస్తున్న సీజన్ పుస్తకం మాత్రం చివరి మ్యాచ్ పూర్తయ్యాక ఇస్తాను. బొల్లారం, మౌలాలి జట్లు సమానంగా ఉన్నాయి, ఇంకా ఆట మిగిలి ఉంది.

భవదీయుడు,
విశ్రాంత హవల్దార్, సిగ్నల్స్ కోర్,
మల్కాజిగిరి, హైదరాబాద్